హాడ్జ్‌కిన్ లింఫోమా: కాలక్రమంలో మారే వ్యాధి లక్షణాలు

హాడ్జ్‌కిన్ లింఫోమా లసిక గ్రంథులకు వచ్చే ఒక రకం కేన్సర్. 1832లో లండన్ వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ దీనిని తొలిసారి వర్ణించినందున ఆయన పేరే స్థిరపడింది. పిల్లలకు, యువకులకు కూడా ఇది సోకుతుంది. సకాలంలో గుర్తిస్తే అత్యధికులకు పూర్తిగా నయమవుతుంది. అయితే దీని లక్షణాలు ఒక్కసారిగా బయటపడవు.

తొలి దశ

సాధారణంగా మెడ పక్కన గాని, కాలరు ఎముక పైన గాని, చంకలో గాని బిళ్ళ కట్టినట్లు గడ్డ కనిపిస్తుంది. అది రబ్బరు వలె గట్టిగా ఉంటుంది, నొప్పి ఉండదు. కొంతకాలం తగ్గినట్లు కనిపించి మళ్ళీ పెరగవచ్చు. మనిషి ఆరోగ్యంగానే తిరుగుతూ ఉండడం వల్ల ఇంటివారు పట్టించుకోరు. కొందరిలో గడ్డ ఛాతీ లోపల పెరిగి పొడి దగ్గు, ఆయాసం కలిగిస్తుంది.

వ్యాపించే దశ

వ్యాధి ఒక గ్రంథుల గుంపు నుండి పక్క గుంపునకు వరుసగా పాకుతుంది. అప్పుడు 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరం, రాత్రివేళ పక్క తడిసేంత చెమట, ఆరు నెలల్లో పదోవంతుకు మించి బరువు తగ్గడం కనిపించవచ్చు. యాభై కిలోల మనిషి అకారణంగా ఐదు కిలోలకు పైగా తగ్గితే అది హెచ్చరికయే. ఒళ్ళంతా దురద కూడా రావచ్చు. అరుదుగా జ్వరం కొన్నాళ్ళు వచ్చి, కొన్నాళ్ళు పూర్తిగా విడిచి, మళ్ళీ వస్తుంది. జ్వరం విడిచినంత మాత్రాన వ్యాధి పోయినట్లు కాదు.

ముదిరిన దశ

ప్లీహం, కాలేయం, ఊపిరితిత్తులు, ఎముక మజ్జ వరకు వ్యాధి చేరవచ్చు. రక్తహీనత, నీరసం, తరచు అంటువ్యాధులు బాధిస్తాయి.

క్షయతో పొరపాటు

దగ్గు, జ్వరం, మెడగడ్డ, బరువు తగ్గడం క్షయలోనూ ఉంటాయి. అందువల్ల పరీక్ష లేకుండా క్షయ మందులు వాడితే విలువైన నెలలు గడిచిపోతాయి. స్టెరాయిడ్ మాత్రలు గడ్డను తాత్కాలికంగా కరిగించి అసలు వ్యాధిని మరుగుపరచగలవు. రెండు మూడు వారాలు దాటినా తగ్గని గడ్డను వైద్యునికి చూపాలి. సూదితో తీసిన నమూనా తరచు చాలదు. గ్రంథిని తీసి బయాప్సీ చేయడమే సరైన నిర్ధారణ. రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలు అనే పెద్ద కణాలు సూక్ష్మదర్శినిలో కనిపించడం ఇందులో ముఖ్య ఆధారం.

చికిత్స, ఆ తరువాత

డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి కృషితో 1954లో చెన్నైలో ప్రారంభమైన అడయార్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఇరుగుపొరుగు రాష్ట్రాల రోగులకు కూడా చిరపరిచితం. చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల నుండి చెన్నై ఆసుపత్రులకు వెళ్ళేవారు బయాప్సీ నివేదికతో పాటు స్లైడ్లను, పారఫిన్ దిమ్మను కూడా తీసుకువెళ్ళడం మంచిది.

కీమోథెరపీ మొదలైన కొద్ది వారాలలోనే జ్వరం తగ్గి, గడ్డ కరగడం సాధారణం. అంతటితో నయమైందని మందు మానరాదు. మిగిలిన కణాలు మళ్ళీ పెరుగుతాయి. వ్యాధి తిరగబెడితే అది ఎక్కువగా తొలి రెండు మూడేళ్ళలోనే జరుగుతుంది. చాలా ఏళ్ళ తరువాత కూడా చికిత్స ప్రభావం వల్ల గుండె, ఊపిరితిత్తులు, థైరాయిడ్ సమస్యలు, వేరొక కేన్సర్ రావచ్చు. కనుక నయమైనవారు కూడా పాత చికిత్స కాగితాలను భద్రపరచుకొని, వైద్యుడు చెప్పిన గడువులలో పరీక్షలకు వెళ్ళాలి.