పది లక్షల పుస్తకాల సంకల్పం

చిక్కపేట పట్టువస్త్రాల అంగళ్ళు దాటి అవెన్యూ రోడ్డులో అడుగిడిన వారికి అక్కడి పాత పుస్తకాల దుకాణాలు సుపరిచితాలు. ఆ కట్టలలో ఒక్కొక్కప్పుడు అట్ట ఊడిన తెలుగు గ్రంథం కూడా కానవస్తుంది. పుట త్రిప్పబోతే అంచు పొడియై రాలుతుంది. కాగితంలోని ఆమ్లమే దానికి లోపలి శత్రువు. శతాబ్దాలు నిలిచిన తాళపత్రం ముందు యంత్రపు కాగితం అల్పాయువు కావడం విచిత్రమే!

ఈ నష్టాన్ని నివారింప పూనుకొన్నవారిలో అగ్రగణ్యులు ఆచార్య దబ్బల రాజగోపాల్ రెడ్డి గారు. లోకం వారిని రాజ్ రెడ్డిగా ఎరుగును. 1937లో నాటి చిత్తూరు జిల్లా కాటూరులో రైతు కుటుంబంలో జన్మించి, ఆ యింట కళాశాల చదువు చదివిన తొలి వ్యక్తి అయ్యారు. 1958లో గిండీ ఇంజనీరింగు కళాశాల పట్టభద్రులై, ఆస్ట్రేలియా మీదుగా అమెరికా చేరి, 1966లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. కృత్రిమ మేధారంగంలో వారి కృషికి 1994లో ఫైగెన్‌బామ్ గారితో పాటు ట్యూరింగ్ పురస్కారం లభించింది. అంతటితో విశ్రమించి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కారు.

అయితే వారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుండి పది లక్షల పుస్తకాలను కంప్యూటరులో భద్రపరచే బృహత్ పథకానికి పూనుకొన్నారు. చైనా, ఈజిప్టు దేశాల సంస్థలు చేయి కలిపాయి. మన దేశంలో ఆ కార్యానికి కేంద్రమైనది బెంగుళూరు వారు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలుచుకొనే భారతీయ విజ్ఞాన సంస్థయే. ఇక్కడ సారథ్యం వహించినవారు ఆచార్య ఎన్. బాలకృష్ణన్ గారు. ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’ పేరిట తెలుగు గ్రంథాలు వేలాదిగా అందులో చేరాయి. 2007 నాటికి అన్ని దేశాలలో కలిపి సంఖ్య 15 లక్షలకు చేరింది.

పని మాత్రం యంత్రం ఒక్కటే చేసినది కాదు. పుస్తకాన్ని వెల్లకిల పరచి, పైనున్న స్కానరు క్రింద ఒక్కొక్క పుటను చేతితో త్రిప్పవలసిందే. ఒత్తులు, గుణింతాలు గల మన లిపిని చదవడం కంప్యూటరుకు ఎంతో కష్టమైంది. కనుక గ్రంథనామాలను మనుషులే ఆంగ్లాక్షరాలలో ఎక్కించారు. అక్కడ దొర్లిన తప్పులు అనేకం. పుస్తకం భద్రంగానే ఉన్నది, పేరు తప్పినందున వెదకిన వారికి మాత్రం దొరకదు! అవెన్యూ రోడ్డు కట్టలో అడుగున పడినదానికీ దీనికీ భేదమేమి?

ఆ లోపాన్ని సరిదిద్ద పూనుకొన్నవారు జీతభత్యాలు లేని తెలుగు వికీపీడియా కార్యకర్తలు. గ్రంథనామాలను, రచయితల పేర్లను తెలుగు లిపిలో జాబితాలుగా కూర్చారు. 2017 ప్రాంతంలో మూలస్థానం పాఠకులకు అందకుండా పోయినా, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నిలిచిన ప్రతులలో నేటికీ ఆ పుటలు చదువుకొనవచ్చు.