గుట్ట గాలిలో తేలడం: రాబందులు, పారాగ్లైడర్లు

ఇంజను లేకుండా, రెక్క ఆడించకుండా, పైకి లేచే గాలినే ఆధారం చేసుకొని గంటల తరబడి ఆకాశంలో నిలవడం ఒక విద్య. చంద్రపూర్ జిల్లా సరిహద్దులో ఈ విద్యను చూడాలంటే పక్షులనే చూడాలి. రాజురా, గోండ్‌పిప్రి తాలూకాలకు దక్షిణంగా, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా పెంచికల్‌పేట మండలంలో, పెద్దవాగు ఒడ్డున నిలువుగా లేచిన పాలరాపు గుట్ట ఉంది. ఆ గుట్ట చరియలలో పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు కట్టుకొని ఉన్నట్లు 2013లో అటవీ అధికారులు గుర్తించారు. మరాఠీలో గిధాడ్ అని పిలిచే పక్షి ఇదే.

ఈ రాబందు బరువు సుమారు 6 కిలోలు, విప్పిన రెక్కల పొడవు రెండు మీటర్ల పైమాట. ఇంత బరువును రెక్కల బలంతోనే మోయాలంటే పక్షి త్వరగా అలసిపోతుంది. అందుచేత అది తెల్లవారగానే ఎగరదు. ఎండ ఎక్కి గాలి కదిలేదాకా రాతి అంచున రెక్కలు ఆరబెట్టుకుంటూ కూర్చుంటుంది. తొందరపడని ఈ గుణం మనుషులకు అంత సులభంగా అబ్బదు.

పైకి లేచే గాలి రెండు విధాలు. మొదటిది వాలు గాలి. ఎదురుగా వచ్చిన గాలి గుట్టను తాకి, పోవడానికి దారిలేక వాలు వెంట పైకి ఎక్కుతుంది. గుట్ట ముందు భాగంలో ఇది దొరుకుతుంది. రెండవది వేడిగాలి స్తంభం, పారాగ్లైడర్ల మాటలో థర్మల్. పత్తి తీసేసిన నల్లరేగడి చేను మార్చి, ఏప్రిల్ మాసాలలో పక్కనున్న అడవి కంటే, చెరువు కంటే త్వరగా కాగుతుంది. కాగిన నేల మీది గాలి తేలికై బుడగలా లేస్తుంది. చేలలో ఎండుటాకులనూ దుమ్మునూ తిప్పుకుంటూ పోయే సుడిగాలి, అంటే మరాఠీవారి వావటళ్, ఈ స్తంభపు పాదమే. పైన గద్దలు ఒకేచోట గుండ్రంగా తిరుగుతున్నాయంటే అక్కడ గాలి లేస్తోందని అర్థం.

మనిషి ఈ విద్యను ఆలస్యంగా నేర్చాడు. ఫ్రాన్సులోని మియూసీ అనే ఊరి కొండ మీది నుంచి 1978లో ముగ్గురు పారాచూటిస్టులు వాలు వెంట పరుగెత్తి గాలిలోకి లేవడం పారాగ్లైడింగుకు ఆరంభంగా చెబుతారు. మహారాష్ట్రలో ఇందుకు పేరుపడిన చోటు ముంబయి, పుణె నగరాల మధ్యనున్న కామ్‌శెట్. హిమాచల్ ప్రదేశ్‌లోని బీర్ బిల్లింగులో 2015లో ప్రపంచ కప్పు పోటీలు కూడా జరిగాయి.

పారాగ్లైడర్‌కు చట్రం ఉండదు. అది గుడ్డ రెక్క. ముందు అంచునున్న నోళ్ళలోంచి గాలి చొరబడి నిండితేనే దానికి ఆకారం వస్తుంది. ఎగురుతున్నంత సేపూ అది సెకనుకు ఒక మీటరుకు కొంచెం ఎక్కువగా కిందికి దిగుతూనే ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి అంతకంటే వేగంగా లేస్తే ఎత్తు పెరుగుతుంది. సాధారణంగా దాని వేగం గంటకు 35 నుంచి 40 కిలోమీటర్లు. ఎదురుగాలి 40 దాటితే ముందుకు పోవలసినవాడు వెనక్కి, గుట్ట వెనుకకు కొట్టుకుపోతాడు. ప్రమాదమంతా ఆ వెనుకవైపే పొంచి ఉంటుంది. శిఖరం దాటిన గాలి అక్కడ సుళ్ళు తిరుగుతూ కిందికి పడుతుంది. ఆ సుళ్ళలో గుడ్డ రెక్క ముడుచుకుపోతుంది.

అందువల్ల గాలి కొలత మొదటి పాఠం. చెట్ల ఆకులు ఎడతెగక కదులుతూ, తేలికైన జెండా విచ్చుకొని ఉంటే గాలి 12 నుంచి 19 కిలోమీటర్ల మధ్య ఉన్నట్లు. దుమ్ము, కాగితాలు లేచి చిన్నకొమ్మలు ఊగితే 20 దాటినట్లు; కొత్తగా నేర్చేవారికి అది ఎగిరే సమయం కాదు. వేగం ఎంతన్నది ఒక్కటే చాలదు. ఒక నిమిషం మెత్తగా, మరు నిమిషం ఉధృతంగా వీచే గాలి, నిలకడగా వీచే బలమైన గాలి కన్నా ప్రమాదకరం. 45 డిగ్రీలు దాటే చంద్రపూర్ వేసవిలో మధ్యాహ్నపు గాలి ఇలాంటిదే. రాబందుకు అనుకూలమైన మధ్యాహ్నం గుడ్డ రెక్కకు గండం. ఉదయపు తొలి గంటలు, ఎండ వాలిన సాయంకాలం మనిషికి మేలు. పొద్దుగూకాక చల్లబడిన గాలి వాలు వెంట కిందికి జారడం మొదలవుతుంది; అప్పుడు ఎగరడానికి పైకి లేచే గాలి ఉండదు.

ఏప్రిల్, మే నెలల గాలివాన సంగతి వేరు. ఉరుముల మేఘం దూరాన ఉండగానే చుట్టుపక్కల గాలిని తన లోపలికి పీల్చుకుంటుంది. 2007 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని మానిల్లా దగ్గర సాధన చేస్తున్న జర్మనీ క్రీడాకారిణి ఎవా విష్నీర్‌స్కాను అలాంటి మేఘం 9,946 మీటర్ల ఎత్తుకు లాక్కుపోయింది. స్పృహ తప్పి, ఒళ్ళంతా మంచు పట్టినా ఆమె బతికి బయటపడింది. అదే రోజు అదే మేఘంలో చిక్కిన చైనా క్రీడాకారుడు హే జోంగ్‌పిన్ మరణించాడు. ఇద్దరూ అనుభవజ్ఞులే.

విహారయాత్రకు వెళ్ళిన పిల్లలు శిక్షకుడితో కలిసి జంటగా ఎగురుతామని పట్టుబడితే, పెద్దలు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. శిరస్త్రాణం ఉందా? రెక్క ముడుచుకుంటే విప్పడానికి అదనపు పారాచూట్ ఉందా? తొడల పట్టీలు బిగించారా? ఈ చివరిది చిన్న విషయంలా తోస్తుంది గాని, ఆ పట్టీలు మరచి నేల విడిచినవారు గాలిలో జారి పడిపోయిన సందర్భాలున్నాయి. గాలి బాగాలేదని శిక్షకుడు ఆపితే డబ్బు పోయిందని వాదించడం తగదు. అలా ఆపగలిగినవాడే నమ్మదగినవాడు.

ఇక పాలరాపు వంటి చరియల మీద కూడా పారాగ్లైడింగ్ పెడితే బాగుండునన్న ఆలోచన ఎవరికైనా రావచ్చు. అది సరికాదు. ఎగరడానికి అనువైన కాలం అక్టోబరు నుంచి మే దాకా. రాబందు గుడ్డు పెట్టి, పిల్లను పెంచేదీ దాదాపు ఆ నెలలలోనే. ఏడాదికి ఒక్కటే గుడ్డు. రంగుల రెక్క గూటి ముందు తిరిగితే తల్లి బెదిరి లేచిపోతుంది. గుడ్డు, పసిపిల్ల ఎండకు గురవుతాయి.

పశువులకు నొప్పి మందుగా వాడిన డైక్లోఫినాక్ వల్ల దేశంలో రాబందులు ఇప్పటికే చాలావరకు నశించాయి. ఆ మందు వేసిన పశువు చనిపోతే, దాని మాంసం తిన్న పక్షికి మూత్రపిండాలు చెడతాయి. పశువులకు దాని వాడకాన్ని కేంద్రం 2006లో నిషేధించింది; కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ మందులను 2023లో ఆ జాబితాలో చేర్చింది. మెలోక్సికామ్ రాబందులకు హాని చేయదని పరీక్షలలో తేలింది. ఎద్దుకు జ్వరమో వాపో వచ్చినప్పుడు పశువైద్యుణ్ణి ఆ మందే అడగవచ్చు.