గ్లాస్గో కోమా స్కేలు

తలకు దెబ్బ తగిలిన మనిషికి స్పృహ ఎంతవరకు ఉందో చూసి, గాయం తీవ్రతను అంచనా వేసే పద్ధతి ఇది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయ న్యూరోసర్జన్లు గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ దీన్ని 1974లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు.

అంతకుముందు కేసు షీట్లలో ‘మగత’, ‘సగం కోమా’ వంటి మాటలుండేవి. ఒక డాక్టరు మగత అన్నది మరొకరికి కోమా. రాత్రి డ్యూటీవాళ్లు రాసింది చదివితే, రోగి కోలుకుంటున్నాడో దిగజారుతున్నాడో పొద్దున వచ్చినవాళ్లకు తేలేది కాదు. పుర్రె లోపల రక్తం చేరుతుంటే ఆ తేడా పసిగట్టడం మీదే ప్రాణం ఆధారపడుతుంది. సి.టి. స్కానర్ 1971లోనే లండన్‌లో తొలి రోగిని చూసినా, చాలా ఆసుపత్రులకు అది ఇంకా చేరలేదు. మంచం పక్కనున్న నర్సు కళ్లే దిక్కు.

అందుకే ఎవరు చూసినా ఒకేలా రాయగల మూడు సంగతులు ఎంచుకున్నారు: కళ్లు తెరవడం, మాట, కదలిక. పిలిస్తే కళ్లు తెరిచాడా, నొక్కితే తెరిచాడా? నెల, ఊరు సరిగ్గా చెప్పాడా, పొంతన లేకుండా మాట్లాడాడా, ఉత్త మూలుగేనా? చెయ్యి ఎత్తమంటే ఎత్తాడా? ఎత్తకపోతే కనుబొమ కింది ఎముక అంచును బొటనవేలితో నొక్కుతారు. రోగి చెయ్యి అక్కడిదాకా వచ్చి ఆ వేలిని తోసెయ్యబోతే కదలికకు 5. చేతులు బిగుసుకుని చాచుకుపోతే 2.

మొదట కదలికలో 5 మెట్లే ఉండేవి. చెయ్యి మామూలుగా ముడుచుకోవడాన్నీ అసహజంగా ముడుచుకోవడాన్నీ తర్వాత విడదీయడంతో అవి 6 అయ్యాయి. కళ్లకు 4, మాటకు 5 కలిపితే 15. ఏ స్పందనా లేకపోయినా 3 వస్తుంది. 13–15 స్వల్ప గాయం, 9–12 మధ్యస్థం, 8కి మించకపోతే తీవ్రం. అయితే 15 ఉన్నవాడు కూడా కొద్ది గంటల్లో దిగజారవచ్చు కాబట్టి మళ్లీ మళ్లీ చూడక తప్పదు.

ఈ కూడిక 1974 వ్యాసంలో లేదు, తర్వాత వచ్చింది. ఫోనులో చెప్పడానికి ఒక అంకె సుళువే గాని, అందులో చాలా మరుగున పడుతుంది. ఒకే మొత్తం వచ్చిన ఇద్దరి పరిస్థితి వేరువేరుగా ఉండవచ్చు. మూడు అంకెలూ విడిగా చెప్పడమే సరైన పద్ధతి.

గొంతులో గొట్టం ఉన్న రోగి మాట్లాడలేడు. ఆ చిక్కు తీర్చడానికి అమెరికాలోని మేయో క్లినిక్ 2005లో ‘ఫోర్’ స్కోరు తెచ్చింది. అందులో మాటకు చోటు లేదు. శ్వాస తీరును, కంటిపాపల వంటి మెదడు కాండపు స్పందనలను చూస్తారు. గ్లాస్గో స్కేలులోనూ 2014లో ‘నొప్పి’ బదులు ‘ఒత్తిడి’ అన్న మాట చేరింది. 2018లో టీస్‌డేల్ బృందం కంటిపాపలనూ లెక్కలోకి తెచ్చింది: వెలుతురుకు ఒక పాప స్పందించకపోతే మొత్తంలోంచి 1, రెండూ స్పందించకపోతే 2 తీసేస్తారు.