పాలిచ్చే తల్లి, మరుసటి కాన్పు: ఒక నమ్మకము చరిత్ర

"బిడ్డ చన్ను కుడుస్తున్నంత కాలము కడుపు నిలువదు" అనే మాట చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లెలలో పెద్దలు చెప్పగా మనము వింటూనే ఉన్నాము. "చంటిబిడ్డ ఒడిలో ఉండగానే, ముట్టు కూడ కాకుండానే నీళ్ళు పోసుకొన్నది" అనే మాట కూడ ఆ పల్లెలలోనే వినిపిస్తుంది. ఈ రెండు మాటలలో ఏది నిజము? రెండును నిజమే. అది ఎట్లాగో తెలుసుకొనుటకు శాస్త్రజ్ఞులకు చాల కాలము పట్టినది.

ఈ నమ్మకము మన దేశానికే పరిమితమైనది కాదు. క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దములోనే గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్, పాలిచ్చే స్త్రీలకు సాధారణముగా ముట్టు రాదనియు, గర్భము నిలువదనియు వ్రాసినాడు. కాని కారణము తెలియలేదు. 1928లో స్ట్రాస్‌బర్గ్ నగరములో స్ట్రికర్, గ్రూటర్ అనే ఇద్దరు, పీయూష గ్రంథి సారముతో కుందేళ్ళలో పాలు పుట్టించవచ్చునని చూపినారు. కొద్ది సంవత్సరములకే అమెరికాలో ఆస్కార్ రిడిల్ పావురములపై పరిశోధించి, ఆ పదార్థమునకు ప్రొలాక్టిన్ అని పేరు పెట్టినాడు. మానవ శరీరములో అది ప్రత్యేకమైన హార్మోను అని తేలినది మాత్రము 1970 ప్రాంతములోనే.

బిడ్డ చన్ను చీకినప్పుడు అక్కడి నాడులు ఆ వార్తను మెదడులోని హైపోథలామస్ అనే భాగమునకు చేరవేస్తాయి. మామూలు రోజులలో ఈ భాగము పీయూష గ్రంథికి ఒక లయ ప్రకారము సంకేతములు పంపుతూ ఉంటుంది. ఆ సంకేతముల వలననే అండాశయములో నెలనెలా అండము పక్వమవుతుంది. బిడ్డ తరచుగా చీకుతున్నప్పుడు ఆ లయ చెదరిపోతుంది. ప్రొలాక్టిన్ పెరిగి పాలు పడతాయి గాని, అండము విడుదల కాదు. ఇది మొదటి మాటలోని సత్యము.

ఇక రెండవ మాట. అండము విడుదలైన సుమారు రెండు వారములకు గాని ముట్టు రాదు. అనగా అండము ముందు, ముట్టు తరువాత. కాన్పు తరువాత విడుదలైన మొదటి అండమే ఫలించినచో, తల్లి ముట్టు చూడకుండానే మళ్ళీ గర్భవతి అవుతుంది. బిడ్డకు పాలివ్వని తల్లిలో కాన్పు అయిన 25వ రోజుకే అండము విడుదలైన సందర్భములు ఉన్నవి. "ఇంకా బయట చేరలేదు కదా" అని ధైర్యముగా ఉండుటలో ప్రమాదము ఇదియే.

అయితే అందరు తల్లులకు ఈ విరామము ఒకే విధముగా ఎందుకు ఉండదు? ఈ ప్రశ్నకు జవాబు వెదకినవారిలో మన తెలుగునాట పనిచేసినవారు ఉన్నారు. 1918లో కూనూరులో చిన్న విచారణ కేంద్రముగా మొదలైన ఆహార పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయినది. అక్కడి సి. గోపాలన్, నాయుడు 1972లో 'లాన్సెట్' పత్రికలో పోషణకు, సంతానశక్తికి గల సంబంధమును చర్చించినారు. 1981లో కె. ప్రేమ, ఆమె సహచరులు పేద తల్లులను పరిశీలించి, ముట్టు తిరిగి వచ్చిన తల్లుల సగటు బరువు, ఇంకను రానివారి బరువుకంటె ఎక్కువగా ఉన్నదని తెలిపినారు.

అయితే పేదరాలి ఆకలియే ఆమెకు కాపలా అనుకోవలెనా? అట్లు కాదు. 1980లో బొంగార్ట్స్ అనే జనాభా శాస్త్రజ్ఞుడు, ఒక మోస్తరు పోషణలోపము సంతానశక్తిని కొద్దిగానే తగ్గిస్తుందని వాదించినాడు. అదే సంవత్సరము కోనర్, వర్త్‌మన్ అనువారు ఆఫ్రికాలోని కుంగ్ జాతి తల్లులు గంటకు పలుమార్లు బిడ్డకు పాలిచ్చుటను గమనించి, వారి కాన్పుల మధ్య దీర్ఘమైన ఎడమునకు అదే కారణమని చెప్పినారు. ఎడిన్‌బరో నగరములో హౌవీ, మెక్‌నీలీ జరిపిన పరిశోధనలో, బిడ్డకు ఇతర ఆహారము మొదలై చీకుడు తగ్గగానే అండాశయము మేలుకొంటున్నట్లు తేలినది.

ఈ జ్ఞానమంతయు 1988 ఆగస్టులో ఇటలీలోని బెల్లాజియోలో ఒక సూత్రముగా రూపొందినది. కాన్పు అయి ఆరు నెలలు దాటరాదు. బిడ్డకు పూర్తిగా, లేదా దాదాపు పూర్తిగా తల్లిపాలే ఇవ్వవలెను. ముట్టు తిరిగి రాకూడదు. ఈ మూడును ఉన్నచో గర్భము వచ్చే అవకాశము 2 శాతము కంటె తక్కువ. ఏ ఒక్కటి తప్పినను ఆ భరోసా పోతుంది.

మన ఇండ్లలో అన్నప్రాశనము ఆరవ నెల ప్రాంతములోనే జరుగుతుంది. బిడ్డకు మొదటి ముద్ద పెట్టే ఆ పండుగనాడే తల్లికి పాలు ఇచ్చే రక్షణ సడలుట మొదలవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో సుమారు 70 శాతము మంది శాశ్వత శస్త్రచికిత్స చేయించుకొన్నవారేనని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నది. కాని ఆ శస్త్రచికిత్స సాధారణముగా కోరిన పిల్లలు పుట్టిన తరువాతి మాట. మొదటి కాన్పుకు, రెండవ కాన్పుకు నడుమ తల్లికి అది తోడు రాదు. కాన్పు అయిన పిమ్మట కనీసము 24 నెలలు ఆగి మరల గర్భము ధరించుట తల్లికి, బిడ్డకు క్షేమమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కాబట్టి ఆరు నెలలు నిండకముందే వైద్యురాలిని కలిసి తగిన పద్ధతిని ఎంచుకొనుట మంచిది. పెద్దల మాటను త్రోసిపుచ్చనక్కరలేదు. దానికి గల హద్దును తెలుసుకొన్న చాలును.