1.2 సెకన్ల సందు

2008 అక్టోబర్ 7న సింగపూర్ నుంచి పెర్త్ వెళుతున్న క్వాంటాస్ 72వ నంబరు విమానం 37,000 అడుగుల ఎత్తున సాఫీగా సాగుతోంది. మధ్యాహ్నం 12 గంటల 42 నిమిషాలకు, పైలట్లు ఏ మీటా కదపకుండానే, దాని ముక్కు ఒక్కసారిగా కిందికి వంగింది. ఎయిర్‌బస్ ఏ330 రకం విమానం అది. అందులో 303 మంది ప్రయాణికులు, 12 మంది సిబ్బంది ఉన్నారు. ముక్కు దించమన్న ఆదేశం రెండు సెకన్లు కూడా నిలవలేదు. అయినా నిలబడి ఉన్నవాళ్లు, బెల్టు పెట్టుకోకుండా కూర్చున్నవాళ్లు దాదాపు అందరూ ఎగిరి పైకప్పుకు కొట్టుకున్నారు. మూడు నిమిషాలు నిండకముందే మరోసారి అదే జరిగింది, కాకపోతే తీవ్రత కొంత తక్కువ. పైలట్లు విమానాన్ని పశ్చిమ ఆస్ట్రేలియాలోని లియర్మంత్‌కు మళ్లించి క్షేమంగా దించారు. కనీసం 110 మంది ప్రయాణికులు, 9 మంది సిబ్బంది గాయపడ్డారు. వారిలో 12 మందివి తీవ్రమైన గాయాలు.

ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ ఏటీఎస్‌బీ మూడేళ్లకు పైగా శోధించి 2011 డిసెంబర్‌లో తుది నివేదిక వెలువరించింది. ప్రమాదానికి మూలమైన మొదటి కారణం ఏదో ఆ నివేదిక చెప్పలేదు. ఆధారం అంతవరకు రాలేదు కనుక చెప్పలేదు. నా దృష్టిలో ఆ నివేదిక విలువ అక్కడే ఉంది.

ఇలాంటి ఘటన వినగానే ఎవరికైనా ముందు తట్టేది గాలి కుదుపు. ఫ్లైట్ డేటా రికార్డరు ఆ ఊహకు తావివ్వలేదు. ముందు కంప్యూటర్ ఆదేశం వెళ్లింది, తోక దగ్గరి ఎలివేటర్లు కదిలాయి, ఆ తర్వాతే ముక్కు దిగింది. ఆ ఆదేశానికి కారణం వెతుకుతూ వెళ్లిన పరిశోధకులు రెండు నిమిషాలు వెనక్కి, 12 గంటల 40 నిమిషాల దగ్గరికి చేరారు. వేగం, ఎత్తు, గాలిని రెక్క ఎదుర్కొనే కోణం వంటి వివరాలను లెక్కగట్టి మిగతా వ్యవస్థలకు అందించే ఏడీఐఆర్‌యూ అనే పరికరాలు ఈ విమానంలో మూడు ఉంటాయి. వాటిలో ఒకటో నంబరుది ఆ క్షణం నుంచి మధ్యమధ్య తప్పుడు అంకెలు పంపడం మొదలుపెట్టింది. ఆటోపైలట్ ఆగిపోయింది. వేగం మరీ తగ్గిందనే స్టాల్ హెచ్చరిక, వేగం మితిమీరిందనే హెచ్చరిక రెండూ పైలట్లకు వినిపించాయి. రెండూ ఒకేసారి నిజం కాలేవు.

ఆ తప్పుడు అంకెలు అడ్డదిడ్డంగా పుట్టినవి కావు. కోణం దాదాపు 50.6 డిగ్రీలని పరికరం చెప్పిన చోట, ఆ సంకేతంలో నిజానికి ఉన్నది అప్పటి ఎత్తు, అంటే 37,000 అడుగుల అంకె. కరెంటు బిల్లులో మీటరు రీడింగు ఉండాల్సిన గడిలో ఇంటి నంబరు అచ్చయినట్టు, ఒక వివరం మరొక దాని పేరుతో బయటికి వచ్చింది. సెన్సర్ కొలత సరైనదే, పొరపాటు పరికరం లోపల దత్తాంశానికి పేరు తగిలించే దశలో జరిగిందనడానికి ఇది బలమైన ఆధారం.

ఒక పరికరం తప్పు చెబితే మిగతా రెండూ దాన్ని ఆపాలి కదా? మూడు పెట్టిందే అందుకు. ఇక్కడే పరిశోధన అసలైన చోటికి చేరింది. విమానాన్ని నడిపే ప్రధాన కంప్యూటర్లు ఒకటి, రెండు నంబర్ల ఏడీఐఆర్‌యూలు ఇచ్చే కోణాల సగటు తీసుకుంటాయి. వాటిలో ఏదైనా మిగతావాటితో పొసగకపోతే, అంతకుముందు సరిగా ఉన్న సగటునే 1.2 సెకన్ల పాటు పట్టుకుని కూర్చుంటాయి. ఒక్క తప్పుడు అంకె వచ్చి పోతే ఇబ్బంది లేదు. ఆ 1.2 సెకన్ల గడువు ముగిసే వేళకు సరిగ్గా మరో తప్పుడు అంకె వస్తే మాత్రం కంప్యూటర్ దాన్ని నిజమని తీసుకుంటుంది. ముక్కు ప్రమాదకరంగా పైకి లేచిందనుకుని, విమానాన్ని కాపాడే రెండు రక్షణ ఏర్పాట్లు ఒకేసారి పనిచేశాయి. ఒకటి 4 డిగ్రీలు, మరొకటి 6 డిగ్రీలు, కలిసి ఎలివేటర్లకు 10 డిగ్రీల ఆదేశం వెళ్లింది. ఆ ప్రయాణంలో తప్పుడు కోణాలు చాలాసార్లే వచ్చాయి, విమానం దూకినది మాత్రం రెండుసార్లే. ఈ తేడాను వివరించగలిగిందే ఈ లెక్కకు అతిపెద్ద బలం.

ఏ330, ఏ340 విమానాలు 2.8 కోట్లకు పైగా గంటలు ఎగిరినా ఈ లోపం వల్ల ముక్కు దిగిన ఘటన ఇదొక్కటే. ఇంత అరుదైన దాన్ని డిజైన్ దశలో ఎవరూ ఊహించలేదనడం అర్థమవుతుంది. కానీ ఆ అరుదు పైకప్పుకు తల తగిలినవాళ్లకు ఓదార్పు కాదు.

ఇక ఏడీఐఆర్‌యూ ఎందుకు తప్పిందన్న ప్రశ్న. ఆ పరికరాన్ని ఊడదీసి రకరకాలుగా పరీక్షించినా లోపం తిరిగి కనిపించలేదు. ఆ రకం పరికరాలు మొత్తం 12.8 కోట్ల గంటలు పనిచేస్తే ఇలాంటి ధోరణి మూడుసార్లే బయటపడింది. మొదటిది 2006 సెప్టెంబర్‌లో, ఇదే విమానంలోని ఇదే పరికరంలో. మూడోది 2008 డిసెంబర్ 27న మరో ఏ330లో. మూడూ పెర్త్‌కు వచ్చే, లేదా పెర్త్ నుంచి వెళ్లే ప్రయాణాలే. దీంతో సందేహం సహజంగానే లియర్మంత్‌కు దగ్గర్లో, ఎక్స్‌మత్ వద్ద ఉన్న హెరాల్డ్ ఈ. హోల్ట్ నౌకాదళ రేడియో కేంద్రం మీదికి మళ్లింది. కథగా చూస్తే చక్కగా అతుకుతుంది. అయితే ఆ కేంద్రం 1960ల నుంచీ పనిచేస్తోంది, ఘటనలేమో మూడే. మూడు చుక్కలతో గీత గీయవచ్చు, దాన్ని కారణం అనడానికి మాత్రం ఇంకా చాలా కావాలి. ప్రసారాల ప్రభావాన్ని పరిశీలించిన ఏటీఎస్‌బీ అది కారణమయ్యే అవకాశం చాలా తక్కువని తేల్చింది. ప్రయాణికుల దగ్గరి ఎలక్ట్రానిక్ వస్తువులను కూడా అలాగే పక్కన పెట్టింది. అంతరిక్షం నుంచి వచ్చే అధికశక్తి కణం ఏదో చిప్‌లోని సమాచారాన్ని మార్చి ఉండవచ్చా అన్నదానికి అవుననడానికీ కాదనడానికీ చాలినంత ఆధారం లేదని రాసింది. పత్రికల్లో మాత్రం ఆ కణాల కథే ఎక్కువగా తిరిగింది. నివేదిక చదివినవాళ్లు దాన్ని తేలిన కారణంగా చెప్పకూడదు.

గాయాల విషయంలో అలాంటి సందిగ్ధం లేదు. మొదటిసారి ముక్కు దిగినప్పుడు కనీసం 60 మంది సీట్లలోనే ఉండి కూడా బెల్టు పెట్టుకోలేదు. వాళ్లకూ, నిలబడి ఉన్నవాళ్లకూ తగిలిన దెబ్బలు బెల్టు ఉన్నవాళ్లకంటే ఎంతో ఎక్కువ. బెల్టు పెట్టుకోమనే దీపం ఆరగానే దాన్ని తీసేసే అలవాటు మన ప్రయాణికుల్లోనూ బాగా కనిపిస్తుంది కనుక దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఘటన జరిగిన కొద్ది రోజులకే, ఇలాంటి లక్షణాలు కనిపిస్తే ఆ ఏడీఐఆర్‌యూను ఆపేయాలని ఎయిర్‌బస్ పైలట్లకు సూచన పంపింది. డిసెంబర్ 27న పైలట్లు ఆ పద్ధతే పాటించారు, విమానం దూకలేదు. ఆ ఒక్క ఉదాహరణతో సూచన ఫలించిందని నిర్ధారించలేం. 2006లో ఆ సూచన లేకపోయినా విమానం దూకలేదు. రెండు తప్పుడు అంకెలు సరిగ్గా ఆ ఎడంతో రావడమే అరుదు. అందుకే నా మటుకు నమ్మదగిన దిద్దుబాటు ఆ తర్వాత వచ్చింది. కోణాన్ని కంప్యూటర్లు సరిచూసే పద్ధతినే సాఫ్ట్‌వేర్‌లో మార్చారు. తప్పుడు అంకె చిప్‌లో పుట్టినా, మరెక్కడ పుట్టినా, ఆ 1.2 సెకన్ల సందు గుండా ఎలివేటర్ల దాకా వెళ్లే దారి ఇప్పుడు లేదు.