గుబులు, హడలు: హైదరాబాదు క్లోరోఫాం కమిషన్ కొలవనిది

సికింద్రాబాదు వాళ్ళకి వైద్య పరిశోధన అనగానే బేగంపేటలోని రోనాల్డ్ రాస్ భవనం గుర్తొస్తుంది. 1897 ఆగస్టు 20న ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అంతకు ఎనిమిదేళ్ళ ముందు హైదరాబాదులో జరిగిన మరో పరిశోధన గురించి లండన్ డాక్టర్లు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. మనం మాత్రం దాన్ని మర్చిపోయాం.

ఆ కథ 1848 జనవరిలో, ఇంగ్లండ్‌లో మొదలైంది. కాలి గోరు తీయించుకోవడానికి వచ్చిన పదిహేనేళ్ళ హానా గ్రీనర్ క్లోరోఫాం పీల్చిన కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది. మత్తు ఇవ్వకముందే ఆ పిల్ల భయంతో వణికిపోతోంది. ముందు ఆగింది గుండా, ఊపిరా? గుండె అన్నాడు లండన్ డాక్టర్ జాన్ స్నో. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు అంది ఎడింబరోలో జేమ్స్ సైమ్ బడి.

సైమ్ శిష్యుడు ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్, మెడికల్ స్కూలు అధిపతి. 1888లో కుక్కల మీద ప్రయోగాలు చేయించి, గురువు మాటే నిజమని తేల్చాడు. లాన్సెట్ పత్రిక నమ్మలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌన్లు ఇస్తానంటే, ఆ పత్రిక 1889లో లాడర్ బ్రంటన్‌ని పంపింది. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు కలిపి 490 జంతువులు. ఆ పనిలో పాలుపంచుకున్న వాళ్ళలో రూపాబాయి ఫర్దూంజీ ఒకరు. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఆమెని లెక్కిస్తారు. సందేహంతో వచ్చిన బ్రంటన్ చివరికి లారీ పక్షం చేరిపోయాడు: ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు.

కమిషన్ అదురుపాటుని అసలు పట్టించుకోలేదనడం అన్యాయం. సగం మత్తులో ఉన్న జంతువుల పళ్ళు పీకి, గోళ్ళు ఊడదీసి మరీ చూశారు. గుండె ఆగలేదు. దాంతో ఆ వాదం కొట్టేశారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, టెస్టులన్నీ పాసయ్యాయి, అసలు కేసు మాత్రం వాటిలో లేదు.

ఆ కేసు 1911లో గుడ్‌మన్ లెవీ చేతికి చిక్కింది. తేలికపాటి క్లోరోఫాం మత్తులో ఉన్న పిల్లులకి అడ్రినలిన్ ఎక్కిస్తే, గుండె కొట్టుకోవడం మాని గిలగిల వణికి ఆగిపోయింది. భయపడినప్పుడు ఒంట్లో ఊరేది ఆ అడ్రినలినే. అంటే ప్రమాదం లోతైన మత్తులో కన్నా మొదట్లో, మనిషి ఇంకా బెదిరి పెనుగులాడే దశలో పొంచి ఉంది. ఊపిరి ఒక్కటే చూస్తే చాలన్న పాఠం ఆ దశని కనిపెట్టలేదు.

పీకిన పన్ను నొప్పి. నొప్పీ భయమూ ఒకటి కావు. భయంలోనూ రెండు రకాలున్నాయని మన భాషకి ఎప్పుడో తెలుసు: రేపటి ఆపరేషన్ గురించి రాత్రంతా ఉండేది గుబులు, ముక్కు మీద గుడ్డ పడగానే పుట్టేది హడలు. కుక్కకి రేపటి ఆపరేషన్ సంగతి తెలీదు. హానా గ్రీనర్‌కి ఆ రెండూ ఉండి ఉంటాయి.

సైన్సు ఈ తేడాని చాలా ఆలస్యంగా పట్టుకుంది. 1960లలో డొనాల్డ్ క్లైన్ ఇమిప్రమిన్ మందు ఇస్తే రోగులకి హడలు ఆగింది, మళ్ళీ ఎప్పుడొస్తుందో అన్న గుబులు మాత్రం మిగిలింది. తర్వాత బ్లాంచర్డ్ దంపతులు ఎలుకల్లో చూపించారు: పిల్లి వాసన మాత్రమే ఉంటే ఎలుక ఆగి, ఒళ్ళు సాచి, జాగ్రత్తగా పరికిస్తుంది, పిల్లి మీదకొస్తే ఎగిరి పారిపోతుంది. 2013లో ఇంకో వింత బయటపడింది. భయానికి కేంద్రమనుకునే అమిగ్డలా దెబ్బతిన్న ముగ్గురు మహిళలు 35 శాతం కార్బన్ డయాక్సైడ్ పీల్చగానే హడలిపోయారు. ఊపిరాడకపోతే పుట్టే హడలుకి ఆ కేంద్రంతో పనిలేదన్నమాట.

అలాగని ఇవి సంబంధంలేని రెండు గదులూ కావు. ఒకసారి హడలిన వాడికి గుబులు పట్టుకుంటుంది. క్లైన్ రోగుల్లో మిగిలింది అదే. ప్రయోగశాలలో జంతువు "భయపడింది" అని ఎవరైనా రాస్తే, ఏ భయం, ఎంత దూరంలో ఉన్న ముప్పుకి అని అడగాలి. 490 జంతువుల మీద ప్రయోగాలు చేసినా, హైదరాబాదులో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.