ఇమారత్ ఖరీదు, గచ్చు గట్టిదనం

ఫ్లాట్ కొనేటప్పుడు మన నోట దొర్లే మాటలు ఒకసారి లెక్కపెట్టండి. దస్తావేజు, రసీదు, తనఖా, జామీను, హామీ, నమూనా, తనిఖీ, మరమ్మతు. అన్నీ ఉర్దూ ద్వారా తెలుగులోకొచ్చి స్థిరపడినవే. ఇంట్లో నేల మీద రుద్దే గచ్చు కూడా ఫార్సీ మాటే. రాజమండ్రిలో కోర్టు కొలువు చేసిన సి.పి. బ్రౌన్ దొర, కచేరీ వ్యవహారాల్లో వాడే ఇలాంటి మాటలన్నిటినీ పోగేసి 1852లో 'జిల్లా నిఘంటువు' అచ్చు వేయించాడు. మాటలు మన అమ్మీ-అబ్బాల ఇళ్లలోవే. కానీ దానవాయిపేటలోనో, మోరంపూడి వైపో కొత్త అపార్ట్‌మెంట్ చూడటానికి వెళ్లినప్పుడు ఆ మాటల్లో ఒక్కదాన్ని మరిచిపోతున్నాం. అది తనిఖీ.

బ్రౌన్ నిఘంటువు వచ్చిన ఆ 1852లోనే ధవళేశ్వరం ఆనకట్ట పని పూర్తయింది. 1847లో మొదలుపెట్టి, ఐదేళ్లలో నాలుగు పాయల మీద కట్టారు. అడుగున రాతి నేల లేదు, అంతా గోదావరి ఇసుకే. ఇసుక మీద కట్టడం ఎలాగో ఆర్థర్ కాటన్ కావేరి మీది పాత కల్లణై ఆనకట్టను చూసి నేర్చుకున్నాడు. ఇసుకలో బావులు దింపి, వాటి మీద సున్నంతో రాతి కట్టడం లేపి, వరద కోసేయకుండా దిగువన రాళ్లు పరిచారు. 1982లో కొత్త బ్యారేజీ వచ్చేదాకా డెల్టా పొలాలకి నీళ్లిచ్చింది ఆ కట్టడమే. 1900లో తెరిచిన హేవలాక్ వంతెన మీద 1997 దాకా రైళ్లు నడిచాయి. వీటి నాణ్యతను రంగు చూసి ఎవరూ తేల్చలేదు. ఏటా వచ్చే వరదే వాటి మీద తనిఖీ చేసింది.

ఇళ్ల సంగతీ అంతే. డెల్టాలో మండువా లోగిలి కట్టుకున్నవాడు గానుగ దగ్గర నిలబడి సున్నం ఎంత మెత్తగా నలిగిందో వేళ్లతో చూసుకునేవాడు. వాన మండువాలో పడి తూము గుండా బయటికి పోవాలి, కాబట్టి వాటం సరిగ్గా లేకపోతే మేస్త్రీని అక్కడే నిలదీసేవాడు. పునాదిని ఎండబెట్టి వదిలేశారా, నీళ్లు పట్టారా అన్నది ఇంటి ఆడవాళ్లకి కూడా తెలుసు. కట్టించేవాడూ ఉండేవాడూ ఒక్కడే కావడంతో మోసానికి చోటు తక్కువ.

అపార్ట్‌మెంట్ వచ్చాక ఆ ఇద్దరూ విడిపోయారు. కట్టేది ఒకరు, ఉండేది మరొకరు. మనం అడుగుపెట్టే నాటికి ఇటుక మీద ప్లాస్టరింగ్, దాని మీద పుట్టీ, ఆపైన రంగు. ఐబ్ ఉంటే ఆ మూడు పొరల కింద ఉంటుంది. ఈ ఎడం వల్లనే మన రాష్ట్రంలో 1987లో అపార్ట్‌మెంట్ల చట్టం, దేశమంతటికీ 2016లో రెరా చట్టం రావలసి వచ్చాయి.

ముందు ఖరీదు సంగతి చూద్దాం. బ్రోచర్‌లో రాసే అడుగులు సాధారణంగా సూపర్ బిల్టప్. మెట్లు, లిఫ్టు, వరండా వాటా అన్నీ అందులో కలిసే ఉంటాయి. ఉదాహరణకి 1500 అడుగుల ఫ్లాట్, అడుగు 5000 అన్నారనుకోండి. మొత్తం 75 లక్షలు. లోపల కార్పెట్ ఏరియా 1050 అడుగులే అయితే, మీరు కాలు పెట్టే అడుగు అసలు ఖరీదు 7143 రూపాయలు. పక్క బిల్డింగ్‌లో అడుగు 5300 చెప్పి కార్పెట్ ఏరియా 1200 ఇస్తే మొత్తం 79 లక్షల 50 వేలు, అసలు ఖరీదు 6625. ఎక్కువ రేటు చెప్పినవాడిదే చౌక! రెరా ప్రకారం అమ్మవలసింది కార్పెట్ ఏరియా లెక్కనే. కాబట్టి ఆ అంకె అడగండి. పార్కింగ్, కరెంటు కనెక్షన్, కార్పస్ ఫండ్ విడిగా ఉన్నాయేమో చూసి కలుపుకోండి. మీ పేరున వచ్చే అవిభాజ్య భూమి వాటా ఎన్ని గజాలో కూడా రాయించుకోండి. ఇమారత్ పాతబడుతుంది, ఖరీదు నిలబెట్టేది జమీనే.

ఇక ఫినిషింగ్. ఎండాకాలంలో కాదు, రెండు రోజులు ముసురు పట్టాక వెళ్లండి. పై అంతస్తు సీలింగు, కిటికీల మూలలు, బాత్‌రూమ్‌కి వెనక ఉన్న గోడ చూడండి. అక్కడ చెమ్మ, తెల్లటి ఉప్పు పొర కనిపిస్తే ఏ రంగూ దాన్ని దాచలేదు. రూపాయి నాణెంతో టైల్స్ మీద తట్టండి. డొల్ల శబ్దం వస్తే కింద సిమెంటు నిండలేదన్నమాట. బాల్కనీలో బకెట్ నీళ్లు గుమ్మరించండి, తూము వైపు పోతున్నాయా, మడుగు కడుతున్నాయా? ఇది మన పెద్దలు మండువాలో చేసిన పరీక్షే. కట్టుబడి ఇంకా సాగుతుంటే, వేసిన కాంక్రీటుకి నీళ్లు పడుతున్నారో లేదో చూడండి. మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, బూడిద కలిపిన రకానికి 10 రోజులు తడి ఆరకూడదని నియమం. డెల్టా నల్లమట్టి వానకి ఉబ్బి ఎండకి కుంచించుకుపోతుంది. అందుకే పునాది ఏ రకమో, మట్టి పరీక్ష నివేదిక ఉందో లేదో అడగటం మీ హక్కు.

మన ఖాందాన్‌లకి ప్రత్యేకంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. సూద్ వద్దని చాలామంది బ్యాంకు లోన్ తీసుకోరు. కువైట్‌లో, ఖతర్‌లో సంపాదించిన కమాయీని కిస్తీల్లో నేరుగా బిల్డర్ చేతికే ఇస్తారు. నియ్యత్ మంచిదే. కానీ లోన్ ఇచ్చేముందు బ్యాంకు లాయరు కాగితాలు చూస్తాడు, లోన్ లేకపోతే ఆ తనిఖీ కూడా లేనట్టే. ఆ పని మనమే మన లాయరుతో చేయించాలి. భూయజమానికీ బిల్డర్‌కీ మధ్య డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌లో మీ ఫ్లాట్ ఎవరి వాటా? అది మునిసిపాలిటీకి తనఖా పెట్టిన భాగంలో ఉందా? ఈసీ తీయించండి. అయితే రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు ఈసీలో కనపడవని గుర్తుంచుకోండి. రెరా కిందికి వచ్చే ప్రాజెక్టులో అగ్రిమెంట్ రిజిస్టర్ కాకుండా ఖరీదులో 10 శాతానికి మించి బిల్డర్ తీసుకోకూడదు. స్వాధీనం చేసిన 5 ఏళ్లలోపు కట్టుబడి లోపం బయటపడి మీరు తెలియజేస్తే, 30 రోజుల్లో అతనే ఉచితంగా మరమ్మతు చేయాలి.

మన ఫిఖ్‌లో దీనికి పాత పేరు ఉంది. ఖియార్-ఎ-ఐబ్. అమ్మినవాడు దాచిన ఐబ్ బయటపడితే కొన్నవాడికి సరుకు తిప్పి ఇచ్చే హక్కు. లావాదేవీని రాసుకోమని, గవాహీలు పెట్టుకోమని చెప్పే సూరా బఖరా 282వ ఆయత్ ఖురాన్‌లోకెల్లా పొడవైనది. కాబట్టి బిల్డర్ తెలిసినవాడే, మన జమాత్ వాడే అయినా సరే, రసీదు అడగటం అనుమానం కాదు. అతనికీ అది భద్రతే. మొహమాటపడి వదిలేసిన ఒక్క కాగితం కోసం పదేళ్ల పర్‌దేశీ బతుకును పణంగా పెట్టకండి.